కంపైల్ అయినంత మాత్రాన మారినట్టు కాదు: లిబ్‌యూఎస్‌బీ 0.1 నుంచి 1.0కు

ప్రోగ్రాములు యూఎస్‌బీ డివైసులతో మాట్లాడటానికి వాడే లైబ్రరీ లిబ్‌యూఎస్‌బీ. దాని పాత వెర్షన్ 0.1 మీద రాసిన చిన్న సి ప్రోగ్రాం ఒకటి తీసుకుందాం. యూఎస్‌బీకి తగిలించిన ఉష్ణోగ్రత లాగర్ నుంచి సెకనుకోసారి 64 బైట్లు చదివి ఫైల్లో రాసుకోవడం దాని పని. చదివే ఫంక్షన్ ఎన్ని బైట్లు వచ్చాయో ఆ సంఖ్యనే జవాబుగా ఇస్తుంది. జవాబు సున్నా కన్నా ఎక్కువైతే ప్రోగ్రాం ఆ బైట్లను ఫైల్లోకి పంపుతుంది. లేకపోతే ఈసారికి డేటా రాలేదనుకుని మళ్లీ లూప్ మొదటికి పోతుంది. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన కోడ్ ఇది.

దీన్ని 1.0కు మార్చారనుకుందాం. హెడర్ ఫైలు మార్చారు, ఫంక్షన్ పేర్లు మార్చారు, కంపైలర్ అడిగిన చోటల్లా ఒక పాయింటర్ అదనంగా ఇచ్చారు. ఎర్రర్లు పోయాయి, వార్నింగులూ పోయాయి. ప్రోగ్రాం నడుస్తోంది, లాగర్ మీద లైటు ఎప్పటిలాగే మిణుకుతోంది, ఫైలు మాత్రం ఖాళీగా ఉంది. డేటా రావడం లేదా అంటే వస్తోంది, బఫర్లో పడుతోంది కూడా. కానీ కొత్త ఫంక్షన్ లెక్కలో సున్నా అంటే "పని సరిగ్గా జరిగింది" అని. సున్నా కన్నా ఎక్కువ జవాబు అది ఎప్పుడూ ఇవ్వదు. వచ్చిన బైట్ల లెక్కను ఆ అదనపు పాయింటర్ దగ్గర పెట్టి ఊరుకుంటుంది. పాత షరతు అలాగే మిగిలిపోవడంతో, చక్కగా వచ్చిన ప్రతి 64 బైట్లనూ ప్రోగ్రాం రాలేదని పారేస్తోంది.

లైబ్రరీ వెర్షన్ మార్చడంలో కష్టం పేర్లు మారడంలో లేదు. పేరు మారితే కంపైలర్ పట్టుకుంటుంది, పది నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. పాతదానికి దీటుగా కనిపించే ఫంక్షన్ లోపల అర్థం మారినప్పుడే అసలు చిక్కు. అవతలి పక్కన హార్డ్‌వేర్ ఉంటే ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. డివైస్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌కు (ఫర్మ్‌వేర్‌కు) మన వైపు వెర్షన్ మారిందని తెలియదు. తీగ మీద తనకు అలవాటైన బైట్లు అలవాటైన వరుసలో వస్తాయనే అది నమ్ముకుని ఉంటుంది. అందుకే ఈ మార్పును సి కోడ్ ఎలా ఉందన్న దాన్ని బట్టి కాకుండా తీగ మీద ఏం జరుగుతోందన్న దాన్ని బట్టి అంచనా వేయాలి. ఈ వ్యాసం పట్టుబట్టి చెప్పేది ఇదొక్కటే.

రెండు వెర్షన్లు ఎందుకు వచ్చాయి

యూఎస్‌బీ డివైస్‌తో మాట్లాడాలంటే ప్రతిసారీ కెర్నల్ డ్రైవర్ రాయక్కర్లేకుండా, మామూలు ప్రోగ్రాం నుంచే ఆ పని చేయించడానికి పుట్టింది లిబ్‌యూఎస్‌బీ. మొదటి తరం 0.1ను జొహానెస్ ఎర్డ్‌ఫెల్ట్ రాశారు. ఆ వరుసలో 0.1.12 వచ్చింది 2006లో. స్కానర్లు, కెమెరాలు, మైక్రోకంట్రోలర్లలోకి ప్రోగ్రాం ఎక్కించే పరికరాలు (ప్రోగ్రామర్లు), ల్యాబ్ పరికరాలు, ఇలా లెక్కలేనన్ని ప్రోగ్రాములు దాని మీద నిలబడ్డాయి.

అయితే దాని రూపంలోనే కొన్ని పరిమితులు ఉండిపోయాయి. ప్రతి ఫంక్షనూ పని పూర్తయ్యేదాకా ప్రోగ్రాంను ఆపేస్తుంది. ఒకేసారి నాలుగు రీడ్‌లు వరుసలో పెట్టి ఉంచే వీలు లేదు. వెబ్‌క్యామ్‌లు, ఆడియో పరికరాలు వాడే ఐసోక్రోనస్ ట్రాన్స్‌ఫర్లు అసలే లేవు. బస్సులు, డివైసుల జాబితా మొత్తం ఒకే గ్లోబల్ లింక్డ్ లిస్టు. ఒక ప్రోగ్రాం లోపల రెండు వేర్వేరు లైబ్రరీలు లిబ్‌యూఎస్‌బీని వాడుతుంటే రెండూ ఆ ఒక్క జాబితానే కెలుకుతాయి. పైగా డివైస్ స్ట్రక్చర్ లోపలి భాగాలన్నీ బయటికి కనిపించేవి. అప్లికేషన్లు వాటిని నేరుగా చదివేసుకునేవి. దాంతో లోపల ఏది మార్చినా ఎవరిదో ఒక ప్రోగ్రాం విరిగేది.

డేనియల్ డ్రేక్ దీన్ని మొదటి నుంచి మళ్లీ రాశారు. 2008 డిసెంబరులో 1.0 బయటికి వచ్చింది. అప్పుడు తీసుకున్న ఒక నిర్ణయం చాలా మంచిది. కొత్త లైబ్రరీ ఫైలు పేరు వేరు, హెడర్ పేరు వేరు, ఫంక్షన్ల ముందు తగిలించే మాట కూడా వేరు. కాబట్టి ఒకే కంప్యూటర్లో రెండూ పక్కపక్కనే ఉండగలవు. 1.0 ఇన్‌స్టాల్ చేసినందుకు 0.1 మీద నడిచే స్కానర్ ఆగిపోదు. ఎన్నో లైబ్రరీలు పెద్ద వెర్షన్ మార్చేటప్పుడు ఇదే జాగ్రత్త తీసుకోక వాడేవాళ్లను నానా తిప్పలు పెట్టాయి.

దీనికి మరో పక్క కూడా ఉంది. ఎవరి మీదా ఒత్తిడి లేదు కాబట్టి మార్చాల్సిన కోడ్ మార్చకుండానే ఏళ్లు గడిచాయి. ఈలోగా 1.0 కూడా నిలిచిపోలేదు. 2012లో లిబ్‌యూఎస్‌బీఎక్స్ పేరుతో చీలిక వచ్చింది, 2014లో మళ్లీ కలిసిపోయింది. 1.0.16లో డివైస్ తగిలించగానే కబురు చెప్పే సౌకర్యం చేరింది. 2024లో వచ్చిన 1.0.27లో లైబ్రరీని మొదలుపెట్టే ఫంక్షన్‌కే కొత్త రూపం ఇచ్చారు. అంటే ఇప్పుడు 0.1 నుంచి కదిలే కోడ్ 2008 నాటి 1.0కు కాదు, ఇంత దూరం నడిచి వచ్చిన 1.0కు మారుతోంది.

మధ్యలో ఒక వంతెన

అన్నీ ఒక్కసారే మార్చక్కర్లేదు. పాత ఫంక్షన్లన్నీ అవే పేర్లతో ఇస్తూ, లోపల 1.0ను పిలిచే పొర ఒకటి ఉంది, పేరు లిబ్‌యూఎస్‌బీ-కంపాట్. పాత ప్రోగ్రాంను దీనికి లింక్ చేస్తే కోడ్‌లో అక్షరం కూడా మార్చకుండా అది 1.0 మీద నడుస్తుంది. 1.0 ఇచ్చే ఎర్రర్ నంబర్లను తిరిగి పాత నంబర్లలోకి మార్చి ఇచ్చే పని కూడా ఈ పొరే చేస్తుంది.

ఇది దాటడానికే తప్ప కాపురం ఉండటానికి కాదు. కొత్త సౌకర్యాలేవీ దీని ద్వారా రావు, పాత పరిమితులన్నీ అలాగే ఉంటాయి. కానీ మార్పు మొదలుపెట్టే ముందు ఒకసారి దీని మీద నడిపి చూడటం వల్ల గొప్ప లాభం ఉంది. కంపాట్ మీద డివైస్ సరిగ్గా పనిచేస్తే ఆ డివైస్‌కూ 1.0కూ పడుతుందని తేలిపోయినట్టే. ఆ తరువాత ఏది విరిగినా తప్పు మనం మార్చిన కోడ్‌లో ఉంటుంది. వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గుతుంది.

అర్థం మారిన చోట్లు

మొదటిది పైన చూసిందే. యూఎస్‌బీలో డేటా పంపే పద్ధతులు (ట్రాన్స్‌ఫర్లు) కొన్ని రకాలు. వాటిలో బల్క్, ఇంటరప్ట్ ట్రాన్స్‌ఫర్లకు 1.0లో జవాబు సున్నా లేదా నెగటివ్ ఎర్రర్. బైట్ల లెక్క వేరే చోట వస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది తప్పటడుగు వేసేది దాని దగ్గరే. డివైస్‌కు ఆదేశాలిచ్చే, వివరాలడిగే కంట్రోల్ ట్రాన్స్‌ఫర్ మాత్రం 1.0లో కూడా పాత పద్ధతే పాటిస్తుంది. పని సరిగ్గా జరిగితే బైట్ల సంఖ్యనే జవాబుగా ఇస్తుంది. ఒకే లైబ్రరీలో పక్కపక్కనే ఉన్న ఫంక్షన్లు రెండు రకాలుగా జవాబు చెబుతాయన్నమాట. "అన్నిచోట్లా జవాబు సున్నా అయితేనే సరైనట్టు" అని ఒకే రూలు పెట్టుకుని ఫైలంతా ఫైండ్-రీప్లేస్ చేస్తే, 18 బైట్లు చక్కగా తెచ్చిన కంట్రోల్ రిక్వెస్టును ప్రోగ్రాం ఫెయిల్ కింద లెక్కేస్తుంది.

బైట్ల లెక్కలో ఇంకొక సంగతి. టైమ్‌అవుట్ అయినా కొంత డేటా వచ్చి ఉండొచ్చు. 64 అడిగితే 40 వచ్చాక సమయం అయిపోయిందనుకుందాం. 1.0 టైమ్‌అవుట్ ఎర్రర్ ఇస్తూనే ఆ పాయింటర్ దగ్గర 40 అని రాసి పెడుతుంది. ఎర్రర్ వచ్చింది కదా అని ఆ లెక్క చూడకుండా వదిలేస్తే ఆ 40 బైట్లు పోయినట్టే. తరువాతి రీడ్ మిగిలిన 24తో మొదలవుతుంది. అక్కడి నుంచి ప్రతి రికార్డూ పక్కకు జరిగిపోతుంది. ఉష్ణోగ్రత ఉండాల్సిన చోట తేమ, తేమ ఉండాల్సిన చోట సమయం. ఇలాంటి తప్పు టెస్టింగ్‌లో దొరకదు. వారం రోజులు నడిచాక, కంప్యూటర్ మీద లోడ్ పెరిగిన రోజున బయటపడుతుంది.

రెండోది దిశ. ఇది మరీ ప్రమాదకరం. యూఎస్‌బీ డివైస్‌లో డేటా వచ్చిపోయే ద్వారాన్ని ఎండ్‌పాయింట్ అంటారు, ప్రతిదానికీ ఒక బైట్ చిరునామా. అందులో పై బిట్ ఒకటైతే డేటా డివైస్ నుంచి కంప్యూటర్ వైపు వస్తుంది, సున్నా అయితే కంప్యూటర్ నుంచి డివైస్ వైపు పోతుంది. హెక్సాలో 82 అంటే రెండో ఎండ్‌పాయింట్ నుంచి చదవడం, 02 అంటే దానికి రాయడం. లినక్స్‌లో పాత 0.1 చదివే ఫంక్షన్ ఈ పై బిట్‌ను తనే పెట్టేసుకునేది. ప్రోగ్రాం రాసినవాళ్లు 82 బదులు ఒట్టి 2 అని ఇచ్చినా పని జరిగిపోయేది. అలా రాసిన కోడ్ ఎంతో ఉంది. ఏళ్ల తరబడి పనిచేసింది కాబట్టి అది తప్పని ఎవరికీ అనుమానం కూడా రాలేదు.

1.0లో చదవడానికి, రాయడానికి వేర్వేరు ఫంక్షన్లు లేవు. బల్క్ ట్రాన్స్‌ఫర్ అని ఒక్కటే ఉంది. ఏ దిక్కుకు పోవాలో అది ఎండ్‌పాయింట్ చిరునామా చూసే తెలుసుకుంటుంది. అదే 2ను ఇక్కడ ఇస్తే చదవాల్సిన చోట రాస్తుంది. డివైస్‌లో 02 చిరునామాతో ఎండ్‌పాయింట్ లేకపోతే ఎర్రర్ వస్తుంది, అది అదృష్టం. ఉంటే మాత్రం బఫర్లో అప్పటికి ఏముంటే అది, 64 బైట్ల చెత్త, డివైస్‌కు కమాండ్‌గా చేరుతుంది. డివైస్ దాన్ని ఎలా అర్థం చేసుకుంటుందో ఎవరూ చెప్పలేరు. మోటారు నడిపే బోర్డో, ఫ్లాష్ మెమరీ చెరిపే ప్రోగ్రామరో అయితే నష్టం ఫైల్లో ఆగదు. కాబట్టి మార్పు మొదలుపెట్టగానే చేయాల్సిన మొదటి పని, కోడ్‌లో ఉన్న ప్రతి ఎండ్‌పాయింట్ నంబరునూ డివైస్ తన గురించి తాను ఇచ్చే వివరాల పట్టికలో (డిస్క్రిప్టర్లో) ఉన్నదానితో పోల్చి పూర్తి చిరునామాగా రాసుకోవడం. ఆ తరువాతే ఫంక్షన్ పేర్ల జోలికి వెళ్లాలి.

మూడోది ఎర్రర్ నంబర్లు. పాతది ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే నంబరునే నెగటివ్ చేసి ఇచ్చేది. లినక్స్‌లో టైమ్‌అవుట్ అంటే -110. కొత్తది తన సొంత నంబర్లు పెట్టుకుంది. టైమ్‌అవుట్ -7, అనుమతి లేకపోతే -3, డివైస్ ఊడిపోతే -4, ఇంకెవరో వాడుతుంటే -6, ఎండ్‌పాయింట్ స్టాల్ అయితే (డివైస్ అడిగినదాన్ని నిరాకరించి ఆగితే) -9. పాత కోడ్‌లో "జవాబు -110 అయితే మళ్లీ ప్రయత్నించు, వేరే ఏదైనా అయితే ఆపేయ్" అని రాసి ఉంటే ఇప్పుడు మామూలు టైమ్‌అవుట్ కూడా ప్రోగ్రాంను ఆపేస్తుంది. ఇంకా ఇబ్బంది ఏమిటంటే చిన్న నంబర్లు రెండు లోకాల్లోనూ ఉన్నాయి, అర్థాలు మాత్రం వేరు. లినక్స్‌లో 5 అంటే ఇన్‌పుట్-అవుట్‌పుట్ ఎర్రర్. కొత్త లిబ్‌యూఎస్‌బీలో -5 అంటే వెతికింది దొరకలేదని. లాగ్ ఫైల్లో -5 చూసి పాత అలవాటు కొద్దీ కేబుల్ మార్చుకుంటూ కూర్చుంటే రోజు గడిచిపోతుంది. ఎర్రర్ నంబర్‌ను పేరుగా మార్చి ఇచ్చే ఫంక్షన్ 1.0లో ఉంది. లాగ్‌లో నంబరుకు బదులు ఆ పేరే రాయించడం మంచిది.

డివైస్‌ను తెరిచే చోట కూడా తేడా ఉంది. పాతది హ్యాండిల్‌ను (తెరిచిన డివైస్‌ను సూచించే పాయింటర్‌ను) జవాబుగా ఇచ్చేది, సున్నా వస్తే తెరుచుకోలేదని అర్థం. కొత్తది సున్నా ఇస్తే తెరుచుకుందని అర్థం, హ్యాండిల్ వేరే పాయింటర్లో వస్తుంది. తల్లకిందులుగా మారిన ఈ షరతు కంపైలర్‌కు కనిపించదు. అనుమతుల విషయంలోనూ ఇంతే. లినక్స్‌లో రాసే అనుమతి లేకపోతే 0.1 చదివే అనుమతితోనైనా తెరిచి చూసేది. అసలు ఎర్రర్ ఇంటర్‌ఫేస్‌ను (డివైస్‌లో ఒక పనికి చెందిన భాగాన్ని) క్లెయిమ్ చేసే, అంటే తన వాడకానికి పట్టుకునే మెట్టులో వచ్చేది. 1.0 తెరిచే దగ్గరే -3 అని చెప్పి ఆగిపోతుంది. పాత ప్రోగ్రాం జాబితాలోని ప్రతి డివైస్‌నూ తెరిచి సీరియల్ నంబర్ చూసే రకమైతే, తనది కాని కీబోర్డు దగ్గరే -3 వచ్చి ఆగిపోతుంది. అలాంటిచోట ఎర్రర్ వస్తే దాన్ని దాటుకుని తరువాతి డివైస్‌కు వెళ్లేలా రాయాలి. అసలు ముందు తయారీదారును, మోడల్‌ను గుర్తించే నంబర్లైన వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ కలిశాకే తెరవాలి. ఆ రెండూ చూడటానికి డివైస్‌ను తెరవక్కర్లేదు.

ఇక్కడ యూఎస్‌బీఏఎస్‌పీ కథ చెప్పుకోవాలి. థామస్ ఫిష్ల్ రూపొందించిన ఈ చిన్న ఏవీఆర్ (ఒక రకం మైక్రోకంట్రోలర్) ప్రోగ్రామర్ మైక్రోకంట్రోలర్లతో పనిచేసే విద్యార్థులకు బాగా పరిచయం. దానిలో యూఎస్‌బీ కోసం ప్రత్యేక చిప్ లేదు, మామూలు మైక్రోకంట్రోలర్ లోపల సాఫ్ట్‌వేరే సెకనుకు 1.5 మెగాబిట్ల లో-స్పీడ్ యూఎస్‌బీని నడిపిస్తుంది. లో-స్పీడ్ డివైస్‌కు బల్క్ ఎండ్‌పాయింట్లు ఉండకూడదని యూఎస్‌బీ నియమం. అందుకే దాని మాటామంతీ అంతా కంట్రోల్ ట్రాన్స్‌ఫర్లలోనే సాగుతుంది. జవాబు అర్థం మారడం, దిశ తప్పడం అనే పై రెండు గండాలూ దీనికి లేవు. అయినా ఒక చిక్కు మిగిలి ఉంది. దాని వెండర్, ప్రోడక్ట్ ఐడీల జంట దాని ఒక్కదానిదే కాదు, అదే సాఫ్ట్‌వేర్ యూఎస్‌బీ వాడే ఎన్నో అభిరుచి ప్రాజెక్టులు ఆ జంటనే పంచుకుంటాయి. తయారీదారు పేరు, ప్రోడక్ట్ పేరు చదివి పోల్చుకున్నాకే ఇది యూఎస్‌బీఏఎస్‌పీ అని తేలుతుంది. 1.0లో రెండు ఐడీలు ఇస్తే నేరుగా డివైస్ తెరిచి ఇచ్చే సులువైన ఫంక్షన్ ఒకటి ఉంది. పాత కోడ్‌లోని జాబితా లూప్‌ను తీసేసి దాన్ని పెడితే కోడ్ అందంగా కనిపిస్తుంది, కానీ మొదట దొరికిన డివైస్‌నే తెరుస్తుంది. పక్కన అదే ఐడీతో ఇంకో బోర్డు తగిలించి ఉంటే ప్రోగ్రామర్‌కు పోవాల్సిన కమాండ్లు ఆ బోర్డుకు పోతాయి. పాత లూప్ పొడుగ్గా ఉండటానికి కారణం ఉంది, దాన్ని ఉంచాల్సిందే.

ఎవరిది ఎప్పుడు విడిచిపెట్టాలి

0.1లో డివైస్ జాబితా లైబ్రరీ సొత్తు. వాడుకోవడం తప్ప విడిచిపెట్టే బాధ్యత ప్రోగ్రాంకు లేదు. 1.0లో ప్రతిదానికీ లెక్క ఉంది. జాబితా తీసుకుంటే అందులోని ప్రతి డివైస్‌కూ ఒక రిఫరెన్స్ (దాన్ని వాడుతున్నవాళ్ల లెక్క) పెరుగుతుంది. జాబితాను విడిచిపెట్టేటప్పుడు ఆ రిఫరెన్స్‌లు కూడా తగ్గించమని చెప్పాలి. తెరిచిన హ్యాండిల్ తన రిఫరెన్స్ తను ఉంచుకుంటుంది కాబట్టి తెరిచాక జాబితాను వదిలేయొచ్చు, ముందే వదిలేస్తే మాత్రం చేతిలో మిగిలేది చచ్చిన పాయింటర్. కాన్ఫిగరేషన్ డిస్క్రిప్టర్ కూడా అడిగి తీసుకుని, చూశాక విడిచిపెట్టాలి.

కాసేపు నడిచి ఆగిపోయే ప్రోగ్రాంలో ఇది తప్పినా పెద్దగా తెలియదు. రెండు సెకన్లకోసారి జాబితా తీసి కొత్త డివైస్ వచ్చిందా అని చూసే సర్వీసులో తప్పితే మెమరీ రోజురోజుకూ కరిగిపోతుంది. అలాంటి సర్వీసుకు ఆ లూప్ తీసేసి, డివైస్ వచ్చినప్పుడు కబురు చెప్పే హాట్‌ప్లగ్ సౌకర్యానికి మారడమే సరైన దారి. అయితే అది ఆ ప్లాట్‌ఫారంలో ఉందో లేదో ముందు లైబ్రరీని అడిగి చూసుకోవాలి.

రీసెట్ విషయంలో 1.0 మెరుగు. పాత నియమం ప్రకారం రీసెట్ చేస్తే ఆ హ్యాండిల్ ఇక పనికిరాదు, డివైస్‌ను మళ్లీ వెతికి తెరవాలి. కొత్తదానిలో రీసెట్ తరువాత డివైస్ అదే రూపంలో తిరిగి వస్తే హ్యాండిల్ పనిచేస్తూనే ఉంటుంది. డిస్క్రిప్టర్లు మారిపోతేనే "దొరకలేదు" అన్న ఎర్రర్ ఇచ్చి మళ్లీ తెరవమంటుంది. పాత కోడ్ ప్రతి రీసెట్ తరువాతా నిద్రపోయి, వెతికి, తెరిచే తతంగం ఉంచుకున్నా తప్పు లేదు, పాత హ్యాండిల్‌ను మూసివేయడం మాత్రం మరిచిపోకూడదు.

కొత్త బలం, దాని ధర

1.0కు మారడానికి అసలు కారణం చాలామందికి ఎసింక్రనస్ ట్రాన్స్‌ఫర్లే, అంటే పూర్తయ్యేదాకా ప్రోగ్రాంను ఆపనివి. ఒక రీడ్ అయ్యాక ఇంకొకటి మొదలుపెట్టేలోపు ఉండే ఖాళీలో డివైస్ లోపలి చిన్న బఫర్ నిండిపోతుంది. సెకనుకు 480 మెగాబిట్ల హై-స్పీడ్ డివైస్ కూడా అలా నత్తనడక నడుస్తుంది. నాలుగో ఎనిమిదో రీడ్‌లు ముందే వరుసలో పెట్టి ఉంచితే ఒకటి పూర్తవగానే కెర్నల్ దగ్గర ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది.

అయితే మార్పు మొదలైన రోజే దీని జోలికి పోకూడదు. మొదట పాత పద్ధతిలోనే, సింక్రనస్ ఫంక్షన్లతో, ప్రవర్తన అచ్చం పాతదానిలాగే ఉండేలా మార్చి నిలబెట్టాలి. ఎసింక్ తరువాత వేరే మార్పుగా తేవాలి. రెండూ కలిపి చేసి ఏదైనా విరిగితే దేనివల్ల విరిగిందో తేల్చడం చాలా కష్టం.

ఎసింక్‌లో అందరూ ఒకసారైనా పడే గుంట రద్దు చేయడం దగ్గర ఉంటుంది. ట్రాన్స్‌ఫర్‌ను రద్దు చేయమని చెబితే వెంటనే రద్దు అయిపోదు, అది విన్నపం మాత్రమే. రద్దయిందని కాల్‌బ్యాక్ (పని ముగిశాక లైబ్రరీ పిలిచే మన ఫంక్షన్) వచ్చేదాకా ఈవెంట్లను నడిపిస్తూనే ఉండాలి. ఆ తరువాతే మెమరీ విడిచిపెట్టాలి, హ్యాండిల్ మూయాలి. ఈ వరుస తప్పితే, ప్రోగ్రాం మూసేటప్పుడు పదిసార్లలో ఒకసారి క్రాష్ అవుతుంది, మిగతా తొమ్మిదిసార్లు బాగానే ఉంటుంది. కాల్‌బ్యాక్ లోపలి నుంచి సింక్రనస్ ఫంక్షన్ పిలవడం కూడా కుదరదు, -6 ఇచ్చి తిప్పి పంపుతుంది.

విండోస్, పైథాన్

విండోస్ సంగతి వేరు. అక్కడ 0.1 తరహా ఫంక్షన్లు ఇచ్చింది లిబ్‌యూఎస్‌బీ-విన్32 అనే విడి ప్రాజెక్టు, దానికి సొంత కెర్నల్ డ్రైవర్ ఉండేది. 1.0 అక్కడ సాధారణంగా మైక్రోసాఫ్ట్ వారి విన్‌యూఎస్‌బీ డ్రైవర్ మీద నడుస్తుంది. కోడ్ మారిస్తే సరిపోదు, వాడేవాళ్ల కంప్యూటర్లో ఆ డివైస్‌కు తగిలి ఉన్న డ్రైవర్‌ను కూడా జాడిగ్ లాంటి టూల్‌తో చూసుకోవాలి. కొత్త ప్రోగ్రాం డివైస్‌ను చూడగలుగుతూ, తెరవబోతే -12 (ఆ సౌకర్యం లేదు) ఇస్తుంటే అనుమానం మొదట డ్రైవర్ మీదకే పోవాలి.

పైథాన్‌లో లిబ్‌యూఎస్‌బీని పిలిచే పైయూఎస్‌బీ లైబ్రరీని వాడేవాళ్లకు ఈ మార్పు తెలియకుండానే జరిగిపోయి ఉండొచ్చు. పైయూఎస్‌బీ 1.0 తరువాత అది కంప్యూటర్లో ఏ లైబ్రరీ దొరికితే దాన్ని వాడుకుంటుంది, మొదట లిబ్‌యూఎస్‌బీ 1.0 కోసమే వెతుకుతుంది. అంటే అదే స్క్రిప్టు ఒక కంప్యూటర్లో 1.0 మీద, ఇంకో కంప్యూటర్లో 0.1 మీద నడుస్తూ ఉండొచ్చు. ఏది కావాలో కోడ్‌లోనే స్పష్టంగా చెప్పడం మేలు. టైమ్‌అవుట్ పట్టుకోవడానికి ఎర్రర్ నంబర్ 110తో పోల్చే స్క్రిప్టులు మాక్‌లో పనిచేయవు, అక్కడ అదే ఎర్రర్ నంబర్ 60. నంబరుతో కాకుండా ఎర్రర్ పేరుతో పోల్చుకోవాలి.

తీగ మీద సాక్ష్యం

ఇంతదాకా చెప్పిన తప్పుల్లో చాలావాటిని కోడ్ చదివి పట్టుకోవడం కష్టం. తీగ మీద చూస్తే వెంటనే కనిపిస్తాయి. లినక్స్ కెర్నల్లో యూఎస్‌బీమాన్ అనే మాడ్యూల్ ఉంది. దాన్ని లోడ్ చేసి వైర్‌షార్క్ అనే టూల్‌తో చూస్తే ప్రతి ట్రాన్స్‌ఫర్ ఏ ఎండ్‌పాయింట్‌కు, ఏ దిక్కుకు, ఎన్ని బైట్లతో, ఏ ఫలితంతో పోయిందో వరుసగా కనిపిస్తుంది.

కోడ్‌లో ఒక్క లైను మార్చకముందే పాత ప్రోగ్రాంను నడిపి ఈ రికార్డును సేవ్ చేసి పెట్టుకోవాలి. డివైస్ తగిలించడం, పది రీడింగులు, మధ్యలో ఒక టైమ్‌అవుట్, మామూలుగా మూసివేయడం. ఒకసారి పాత లైబ్రరీ తీసేశాక ఈ రికార్డు మళ్లీ తయారు చేసుకోవడం చాలా కష్టం, కాబట్టి ఈ మెట్టును దాటవేయడానికి ఏ తొందరా సాకు కాకూడదు. మార్చాక కొత్త ప్రోగ్రాంతో అవే పనులు చేయించి రెండు రికార్డులనూ పక్కపక్కన పెడితే కథంతా బయటపడుతుంది. మొదట్లో చెప్పిన లాగర్ విషయంలో రెండు రికార్డులూ ఒకేలా ఉంటాయి, సెకనుకోసారి 82 నుంచి 64 బైట్లు. అంటే డివైస్, కేబుల్, లైబ్రరీ అన్నీ బాగున్నాయి, తప్పు బైట్లు వచ్చాక మన ప్రోగ్రాం వాటిని చూసే చోట ఉంది. దిశ తప్పిన కోడ్ అయితే కొత్త రికార్డులో 82 కనపడదు, దాని స్థానంలో 02 ఉంటుంది. ఈ రికార్డుల్లో కనిపించే ఫలితాల నంబర్లు కెర్నల్‌వి, లిబ్‌యూఎస్‌బీవి కావు అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. 1.0లో టైమ్‌అవుట్ అయిన రీడ్ ఇక్కడ -2గా కనిపిస్తుంది, ఎందుకంటే లైబ్రరీ ఆ ట్రాన్స్‌ఫర్‌ను రద్దు చేసి వెనక్కి తీసుకుంటుంది. స్టాల్ అయితే -32.

లైబ్రరీ లోపల ఏం జరుగుతోందో చూడాలంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా డీబగ్ స్థాయిని 4కు పెంచవచ్చు, ప్రోగ్రాంను మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు.

రెండు రికార్డులూ కలిశాక ఇంకా రెండు పనులు మిగులుతాయి. ఒకటి, చివరి ప్రోగ్రాం ఫైలు ఏయే లైబ్రరీలకు లింక్ అయిందో చూడటం. మన కోడ్ 1.0కు మారినా, అది వాడే ఇంకో లైబ్రరీ పాత 0.1ను పట్టుకుని ఉండొచ్చు. ఎఫ్‌టీడీఐ కంపెనీ యూఎస్‌బీ చిప్‌ల కోసం వాడే లిబ్‌ఎఫ్‌టీడీఐ పాత వరుస 0.1 మీద, 1.0 తరువాతి వరుస కొత్త లిబ్‌యూఎస్‌బీ మీద నడుస్తాయి. ఒకే ప్రోగ్రాంలో రెండూ చేరి ఒకే ఇంటర్‌ఫేస్‌ను క్లెయిమ్ చేయబోతే రెండోదానికి -6 తప్పదు.

రెండోది కేబుల్ పీకడం. ప్రోగ్రాం నడుస్తుండగా, రీడ్ మధ్యలో, లాగర్‌ను ఊడదీయాలి. -4 వచ్చి, హ్యాండిల్ మూసుకుని, ప్రోగ్రాం డివైస్ కోసం ఎదురుచూస్తూ నిలబడాలి. మళ్లీ తగిలించగానే తరువాతి సెకనుకు ఫైల్లో కొత్త లైను పడాలి. ఇదే పని ఇరవై సార్లు చేసి, ఇరవై సార్లూ లైను పడిందో లేదో చూసుకున్నాకే పాత హెడర్ ఫైలును ప్రాజెక్టు నుంచి తీసేయాలి.